సెల్లార్ నేల వాటం

నర్సీపట్నంలో మా ఇంటి కింద సెల్లార్ ఉంది. బళ్ళు కడిగిన నీళ్ళు పోవాలని కట్టినవాళ్ళు నేలంతా ఈశాన్యం మూలకి ఏటవాలుగా పోశారు. ఆ మూల కాలువలో ఎప్పుడూ నల్లటి నీళ్ళు, బండి నూనె, కుక్కల ఉచ్చ కంపు.

స్కూటీ మీంచి పడి నడుము కింద స్పర్శ పోగొట్టుకున్న మా చెల్లెలు మా దగ్గరికి వచ్చేసింది. మెట్లెక్కలేదు కదా, చక్రాల కుర్చీలో తనంతట తాను తిరగాలంటే బళ్ళు దిగే ర్యాంపున్న ఆ సెల్లారే దిక్కు. అందుకే కాలువ మూయించి, నేల సమం చేయించి, దాన్ని తనకి గదిగా మార్చాలనుకున్నాం. వానాకాలం కింద నుంచి చెమ్మా చలీ ఎక్కకుండా ముందు ప్లాస్టిక్ షీటు, దానిమీద గట్టి థర్మాకోల్ పలకలు, ఆపైన కాంక్రీటు.

"థర్మాకోలు పెళ్ళి స్టేజీకి గానీ నేలకేటి?" అని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వెక్కిరించారు. వెక్కిరించి ఊరుకున్నా బాగుండేది. కాంక్రీటు పోసే రోజు నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంటే, ఈశాన్యం పల్లంగా లేకపోతే ఇంటికి అరిష్టమని మేస్త్రీని బెదిరించి మళ్ళీ అదే మూలకి వాటం పెట్టించేశారు. పైన నున్నటి టైల్స్ కూడా పరిపించారు. ఛీ, పెద్దరికమంటే ఇదా! నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఇంట్లో ఒక్కరూ ఆయనకి ఎదురు చెప్పలేదు.

చెల్లెలు ఆ గదిలోకి దిగిన రోజే, టీ గ్లాసు అందుకోవడానికి చక్రాలు వదిలింది. కుర్చీ జారుకుంటూ పోయి మూల గోడకి కొట్టుకుంది. పొగలు కక్కే టీ అంతా తొడమీద. అది అరవలేదు. దానికి తెలియనే లేదు. నైటీ తీసి చూస్తే చర్మం ఎర్రగా కమిలి బొబ్బలెక్కుతోంది.

చప్పుడు విని బావగారు దిగి వచ్చారు. "బ్రేకులేసుకోవాల కదమ్మా, సూసుకోవద్దేటి?" అన్నారు.

నా ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. ఆ ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయన ఎదుటే మేస్త్రీకి ఫోన్ చేసి, "బేగి రండి. మొత్తం పగలగొట్టి మట్టంగా పొయ్యాల" అన్నాను.

"పగలగొడితే అరిష్టం నెత్తికెక్కుతాది, సెప్తన్నాను!" అని బావగారు గుడ్లురిమారు.

కాలిన చోట నా చేత మందు రాయించుకుంటున్న చెల్లెలు తలెత్తింది.

"ఆ అరిష్టాన్ని రానీండి బావగారూ. ఈ గదిలో ఉండేది నేనే కదేటి. నా దగ్గిర ఇంకేటి మిగిలిందని పట్టుకెళ్తాది?"