రెండు వైపులా తెరిచిన కొట్టం

మా మామగారు పోయారన్న సంగతి నాకు నాయుడుపేటలో తెలిసింది. తమ్ముడి పెళ్ళి పనులకని పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం అన్నాల వేళ తంతి వచ్చింది. మా నాన్న చదివి, కాగితం మడిచి, "అమ్మాయ్, చెయ్యి కడుక్కో" అన్నాడు. ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది. పొద్దున చద్దన్నం తిని, చేతులు కడుక్కుంటూ ఉన్నవాడు ఉన్నట్టే కూలబడ్డారట. డెబ్భై దాటిన మనిషి, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్ళిపోయారు, అదృష్టవంతుడు అన్నారు అందరూ. నేను తోటపల్లి గూడూరు దాటి మా ఊరు చేరేసరికి ఆయన్ని ఇంట్లో కాదు, పశువుల కొట్టంలో పడుకోబెట్టి ఉన్నారు. అది ఆయన కోరికే. "నన్ను కొట్టంలో నుంచే పంపించండిరా" అని మా ఆయనతో ఎప్పుడో చెప్పి పెట్టుకున్నారట.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా చర్చి వాళ్ళు అడిగారు. నాలుగు మాటలతో అయ్యే మనిషి కాదు. పైగా అందులో ఒక మాట నేను పదేళ్ళు కడుపులో దాచుకున్నది. అది రాయకుండా ఆయన మంచివారు, దైవభక్తి కలవారు అని రాస్తే ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టుకోవచ్చు.

ముందు ఆ కొట్టం గురించి చెప్పాలి. ఆయన్ని, కొట్టాన్ని వేరు చేసి చెప్పడం నాకు చేతకాదు. వాళ్ళ నాన్న కట్టిన పాత కొట్టం అది. కప్పును మోసే తాటి మొద్దుల నిట్రాళ్ళు, సరుగుడు వాసాలు, పైన తాటాకు కప్పు. కప్పు ఎంత కిందికి దిగి ఉండేదంటే పొడుగు మనిషి ఎవరైనా సరే తల వంచి లోపలికి రావాల్సిందే. తాసిల్దారు వచ్చినా వంచాల్సిందే అని మామగారు నవ్వేవారు. పక్కలకు గోడలు లేవు, తాటాకుతో అల్లిన తడికలే. లోపల రెండు జతల ఎడ్లు, పాడి ఆవులు, వాటి దూడలు. ఒక మూల వచ్చే ఏటికి దాచిన మొలగొలుకుల వరి విత్తనం బుట్ట. వాసాలకు వేలాడే వరి కంకుల కుచ్చులు, వాటి కోసం పొద్దస్తమానం కీచులాడుకునే పిచ్చుకలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నేల చల్లగా ఉండేది. ఎండుగడ్డి, తవుడు, పేడ, వేపాకు పొగ, అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఈ రోజుల్లో రేకుల షెడ్లు వేస్తున్నారు. శుభ్రంగానే ఉంటాయి, కాదనను. వాటిలోకి వెళ్ళి కాసేపు కూర్చోవాలని మాత్రం ఎవరికీ అనిపించదు.

నేను కొత్తకోడలిగా వచ్చిన రోజున ఆ గుమ్మంలో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాయుడుపేట బజారులో పెరిగినదాన్ని కదా, నాకు సెంటు సీసాల వాసన తెలుసు గాని పేడ వాసన ఏం తెలుసు! మామగారు చూసి కోప్పడలేదు.

"మూడు దినాలు ఓర్చుకోమ్మా. ఆ తర్వాత ఈ వాసన తగలకపోతే నీకే అన్నం దిగదు" అన్నారు.

మూడు దినాలు కాదు, మూడు నెలలు పట్టింది. కాని ఆయన చెప్పినట్టే అయింది. మా అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో ఆడమనిషంటూ నేనొక్కదాన్నే. దిగులేసినప్పుడల్లా వెళ్ళి ఆ కొట్టంలో కూర్చునేదాన్ని.

ఆయన కొట్టంలోకి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు. చెప్పులు బయట విడిచేవారు. "నిద్రపోతా ఉండే ఎద్దు ఉలిక్కిపడితే ఆ దినమంతా దానికి మనసు బాగుండదు" అనేవారు. చద్దన్నం అక్కడే తినేవారు, చివరి ముద్ద ముసలి ఆవుకు పెట్టేవారు. ప్రార్థన కూడా అక్కడే. పాట ఎత్తుకుంటే రాగం ఒక దారి, ఆయన ఒక దారి. క్రిస్మస్ ముందు చర్చిలో పిల్లలు రంగు కాగితాలతో పశువుల పాక కడుతుంటే చూసి, "దానికేల ఇంత తంటాలు, మా కొట్టానికి రండి, అంతా సిద్ధంగా ఉండాది. బంగళాలు ఎన్ని ఉన్నా ఆయన కొట్టంలోనే గదా పుట్టినాడు" అనేవారు. ఒక ఏడు నిజంగానే పిల్లలంతా వచ్చి మా కొట్టంలో పాడారు. దూడ ఒకటి గొర్రెల కాపరి వేషం వేసిన పిల్లవాడి తలపాగా నమిలేసింది.

ఇక గాలి సంగతి. మా ఊరికి సముద్రం ఎంతో దూరం లేదు. కార్తీకం వచ్చిందంటే ఎప్పుడు ఏ గాలివాన లేస్తుందోనని అందరికీ గుబులే. గాలి పెరిగితే ఊళ్ళో వాళ్ళకు ఎవరికైనా ముందు తోచేది తలుపులు మూయడం. మామగారిది దానికి సరిగ్గా ఎదురు. ఆకాశం చూసి, సముద్రం మీద నుంచి వచ్చే గాలి మోత విని, కొట్టానికి తూర్పు తడికలు, పడమటి తడికలు రెండూ విప్పి కింద పడుకోబెట్టేవారు. పశువుల పలుపులు కూడా విప్పేసేవారు. ఆ తడికలన్నీ జారుముళ్ళతో కట్టేవారు, కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడి వచ్చేటట్టు.

"గాలి చుట్టం లాంటిదమ్మా. ఈ వాకిట్లో రానిచ్చి ఆ వాకిట్లో పంపించెయ్యాల. లోపలికి పిలిచి పెరటి తలుపు మూసినామంటే ఇల్లు పీకి పందిరేస్తాది" అని నాకు చెప్పారు.

ఊరంతా ఆయన మాట వినేది. గాలి లేచినప్పుడు ఎదురింటి చిన్నాయన వీధిలోకి వచ్చి, "అన్నా, విప్పమంటావా?" అని కేకేసేవాడు. వరసకు చిన్నాయన గాని మామగారికి ప్రాణ స్నేహితుడు. "విప్పండిరా" అని ఈయన అన్నాక వీధి పొడుగునా తడికలు దిగేవి. ఆయనకు ఆస్తి పెద్దగా లేదు, పదవి లేదు. ఆ మాట ఒక్కటే ఆయనకున్న గౌరవం. దాన్ని నేను పోగొట్టాను.

పెళ్ళైన రెండో ఏడు. పొద్దున పది గంటల వేళ గాలి లేచింది. మామగారు అలవాటు ప్రకారం రెండు వైపులా తడికలు విప్పి, పొలంలో నీళ్ళు నిలిచిపోతాయని గట్లు తెంచడానికి మా ఆయన్ని వెంటబెట్టుకుని పోయారు. పోతూ పోతూ, "ఏమైనా సరే తడికలు ముట్టుకోవద్దు" అని చెప్పి మరీ వెళ్ళారు. చెప్పలేదని నేను అనలేను.

ఆవు ఈని మూడు రోజులైంది. దూడ పడమటి వైపు పడుకుని వణుకుతోంది. జల్లు కొట్టి విత్తనం బుట్ట తడుస్తోంది. నేను చూస్తూ ఉండలేకపోయాను. తూర్పు తడిక ఎత్తబోతే గాలి నన్నే తోసేసింది. పడమటివి లేచాయి. ఒక వైపైనా మూస్తే సగం తడి తగ్గుతుంది కదా అని నా నాయుడుపేట తెలివి. తడికలన్నీ నిలబెట్టి, ఊడిపోకుండా ఒక్కోదానికి రెండేసి పీటముళ్ళు బిగించాను. పని పూర్తిచేసి, నేనెంత గట్టిదాన్నో అని మురిసిపోయాను కూడా.

కాసేపటికి వాసాలు మూలగడం మొదలుపెట్టాయి. దూడను ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూసేసరికి, ఉడికే అన్నం మీద మూత లేచినట్టు, కప్పు మొత్తం ఒక్కసారి పైకి లేచింది. లేచి, పక్క పొలంలో బోర్లా పడింది. పలుపులు విప్పి ఉండబట్టి పశువులు బతికాయి.

మామగారు నడుము దాకా బురదతో తిరిగి వచ్చారు. కొట్టం ఉన్న చోట నిట్రాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. పడమటి నిట్రాటికి ఒక తడిక ఇంకా వేలాడుతోంది, దానికి నా పీటముడి. ఆయన దాని దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమి చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను వాకిట్లో దూడను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. వీధిలో చిన్నాయన అడుగుల చప్పుడు వినిపించింది. మామగారు గబగబా మొలలోని కొడవలి తీసి ఆ ముడి కోసేసి, బురదలోకి తొక్కేశారు.

"ఏంది అన్నా, రెండు పక్కలా విప్పినా పోయిందే?" అన్నాడు చిన్నాయన.

"పోయింది అబ్బయా. విప్పేది ఆలస్యం చేసినాను. గాలి లెక్క తప్పినాను" అన్నారు మామగారు.

ఆ క్షణంలో నేను నోరు తెరిచి ఉండాల్సింది. మరునాడైనా చెప్పి ఉండాల్సింది. ఊరేమంటుందో, మా ఆయన ఏమంటాడో అని భయం. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఎండాకాలంలో కొట్టం మళ్ళీ కప్పారు. కప్పు వేసే రోజున ఇంటికొక మోపు తాటాకు తెచ్చి, పనిలో సాయం పట్టి, ఆ ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిని పోవడం మా వీధి ఆచారం. ఆ రోజు అందరూ వచ్చారు. ఎప్పుడూ నిచ్చెన మీద నిలబడి ఎక్కడ ఏ కట్టు వేయాలో చెప్పే మనిషి ఆ రోజు కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నారు. పైనుంచి చిన్నాయన చెబుతున్నాడు.

"ఈ తూరి గట్టిగా బిగించేద్దాం అన్నా. నీ జారుముళ్ళు వద్దు సామీ, చూసినాం గదా!"

అందరూ నవ్వారు. మామగారూ నవ్వారు. నేను పులుసు గిన్నె దింపుతూ ఆ నవ్వు విన్నాను. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అందరూ వెళ్ళాక, పొద్దు గూకకముందే ఆయన నన్ను పిలిచారు. బిగించిన తడికలన్నీ విప్పి మళ్ళీ కడుతున్నారు. తాటి నార నా చేతికిచ్చి, జారుముడి ఎలా వేయాలో చూపించారు. నాకు నాలుగోసారికి గాని రాలేదు.

"మామయ్యా, ఆ రోజు నేను..." అన్నాను.

"కొస రవంత పొడుగు వదలమ్మా. చీకట్లో కూడా చేతికి అందాల" అన్నారు. అంతే. ఆ విషయం మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత గాలి లేచినప్పుడు ఎవరూ ఆయన్ని అడగలేదు. అందరూ తడికలు బిగించుకున్నారు. మా కొట్టం మాత్రం తెరిచే ఉండేది, నిలిచే ఉండేది. మా అదృష్టం అన్నారు. మధ్యలో ఒక ఏడు చిన్నాయన కొట్టం సగం కప్పు పోయింది, అతని ఎద్దు కాలు విరిగింది. మామగారు ఎద్దుకు కట్టు కట్టడానికి వెళ్ళారు. "నా మాట విని ఉంటే" అని ఒక్క ముక్క అనలేదు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండి ఆ నిజాన్ని మింగుతూ బతికాను నేను.

ఆయన్ని సాగనంపే రోజున, పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, పెట్టె మూసే ముందు చిన్నాయన ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తూ అన్నాడు: "బంగారం లాంటోడివి అన్నా. ఆ గాలి ఒక్కటే నిన్ను ఓడించింది."

ఇక ఊరుకోలేకపోయాను. "ఆయన ఓడిపోలేదు చిన్నాయనా. పడమటి తడికలు మూసింది నేను. ముట్టుకోవద్దని చెప్పి పోయినారు. నేనే మూసినాను. ఆయనకు తెలుసు" అన్నాను.

కొట్టం నిండా జనం. మా ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. చిన్నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"పదేండ్లు ఎగతాళి చేసినానమ్మా ఆయన్ని. అప్పుడే ఒక్క మాట చెప్పుంటే నా ఎద్దు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండేది గదా."

ఆ రోజంతా అతను నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పనీ లేదు.

నెల తిరిగాక జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నాం. భోజనాలు అవుతుండగా తూర్పున మబ్బు కమ్మి గాలి లేచింది. వచ్చినవాళ్ళంతా విస్తళ్ళు వదిలి ఇళ్ళకు పరిగెత్తారు. మా ఆయన, నేను కొట్టానికి చెరో వైపు నిలబడి కొసలు లాగాం. తడికలు దిగాయి. నేను తల ఎత్తి ఎదురింటి వైపు చూశాను. చిన్నాయన తన కొట్టం ముందు నిలబడి బిగించిన ముళ్ళను కొడవలితో తెగ్గోస్తున్నాడు. కోస్తూ కోస్తూ పక్కింటి వాళ్ళకు అరిచాడు:

"విప్పండిరా! రెండు పక్కలా విప్పండి! అన్న చెప్పినట్టు విప్పండి!"

ఒకదాని తర్వాత ఒకటి వీధి పొడుగునా తడికలు నేల వాలాయి. మా కొట్టం పడమటి కొస నుంచి చూస్తే, ఎదురింటి కొట్టం లోపలి నుంచి, దాని వెనక కొట్టం లోపలి నుంచి, సముద్రం మీది నల్లటి ఆకాశం దాకా అడ్డం ఏమీ లేదు. గాలి లోపలికి వచ్చింది, ఎడ్ల వీపుల మీది వెంట్రుకలను ఒకసారి నిమిరింది, అవతలికి వెళ్ళిపోయింది.