అడుగు అరిసెలు

నిన్న పొద్దున్న స్టూలెక్కి అటక మీద నుంచి మా మామ్మ అరిసెలు నొక్కే చెక్కలు దింపాను. పాత లుంగీ గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచికి మళ్ళీ పురికొస బిగించి మా అమ్మ దాచిన ఆ రెండు చెక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నూనె, బెల్లం, కాస్త మాడిన నువ్వులు కలిసిన వాసన వేసింది. వాటిని దింపడానికి కారణం మా తమ్ముడి ఫోను. వాడి కూతురికి పద్నాలుగు నెలలు నిండాయి, ఇంకా అడుగు వేయలేదు. "కంగారేం లేదంటున్నారక్కా డాక్టరు గారు. నీ మరదలే రోజూ ఏడుస్తోంది" అన్నాడు. వాడి గొంతు కూడా ఏమంత బాగా లేదు.

వాడికి గుర్తుండే అవకాశం లేదు గానీ, ఇదే సంగతి మీద మా ఇల్లంతా ఒక ఏడాది పొడుగునా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తొంభైల చివరి రోజులు. రావులపాలెం నుంచి కాలవ గట్టు వెంబడి సైకిల్ మీద అరగంట వెళితే వచ్చే ఊరు మాది. నాన్న లాకుల ఆఫీసులో గుమాస్తా. అమ్మ ఇంట్లోనే మిషన్ మీద వీధిలో వాళ్ళకి జాకెట్లు కుట్టేది. నాన్నని కన్న తల్లి మా మామ్మ. వయసులో ఉండగా మోకాలి లోతు బురదలో ఊడ్పులు ఊడ్చి, ఆ కూలితోనే నాన్నని మిషనరీల హాస్టల్లో చదివించిన మనిషి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తెల్లచీరలో, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకుని ఉండేది. దేవుడితో మాట్లాడటానికి ఆవిడకి చర్చి అక్కర్లేదు. ఎదురింటి మనిషితో మాట్లాడినట్టే, బియ్యం చెరుగుతూ "చూడు ప్రభువా, ఈసారి ఎన్ని రాళ్ళేశాడో ఆ కొట్టువాడు" అని చెప్పుకునేది.

తమ్ముడు క్రిస్మస్ వెళ్ళిన రెండో రోజున, ఏడో నెలలోనే పుట్టేశాడు. రాజమండ్రి ఆసుపత్రిలో నెల రోజులు గాజు పెట్టెలో ఉండి, ఫిబ్రవరిలో ఇంటికొచ్చేసరికి కూడా నాన్న అరచేతి నుంచి మోచేతి దాకా ఉన్నాడు, అంతే. ప్రసాదు అని పేరు పెట్టారు. ఆ రోజే మామ్మ వాకిట్లో నిలబడి వీధిలో వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది, వీడు చేసే ప్రతి పనికీ ఇంటింటికీ పళ్ళెం వస్తుందని.

ఆ పళ్ళాల ముచ్చట మా వైపు అందరికీ తెలిసిందే. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. హిందువుల ఇళ్ళలో ఎలాగో మా క్రైస్తవుల ఇళ్ళలోనూ అలాగే. బిడ్డ చేసిన ఘనకార్యాన్ని వీధి వీధంతా నోరు తీపి చేసుకుని ఒప్పుకోవాలి. తమ్ముడు మాత్రం ఎవరినీ తొందరపెట్టలేదు. ఎండలు ముదిరాక గానీ నవ్వలేదు. మామిడిపళ్ళు అయిపోయి, మొదటి వానకి మా పెంకుల మీద ఆవిరి లేచిన రోజుల్లో బోర్లా పడ్డాడు. మామ్మ ఆ తడి కట్టెలతోనే, పొగకి కళ్ళు తుడుచుకుంటూ, నలభై బొబ్బట్లు కాల్చింది. నాకు వేడి బొబ్బట్టు మీద నెయ్యి వేసి ఇస్తూ "నీ తమ్ముడి సంపాదనే ఇది, తిను" అంది. వినాయక చవితి నాటికి వాడు ఒరగకుండా కూర్చున్నాడు. ఆ రోజు ఎదురింటి సత్యవతి గారు మాకు ఉండ్రాళ్ళు పంపితే మేం ఆవిడకి కుడుములు పంపాం. వీధి మధ్యలో రెండు పళ్ళాలూ ఎదురెదురుగా వచ్చాయని ఆవిడా మామ్మా చాలాసేపు నవ్వుకున్నారు.

దసరా సెలవులకు మా మేనత్త వచ్చింది. ఆవిడ తిరుగు ప్రయాణానికని మామ్మ పాకుండలు చేసి డబ్బాలో సర్దింది. అవి తమ్ముడి కోసం చేసినవి కావు, వాడప్పటికి పాకనే లేదు. తెల్లారి చూస్తే వీడు బొజ్జ మీద ఈదుకుంటూ ఆ డబ్బా దగ్గరికి పోతున్నాడు! ఇల్లంతా గోల. అత్త డబ్బా మూత తీసి ఉన్నవన్నీ వీధిలో పంచేసి ఖాళీ చేతులతో బస్సెక్కింది. అందరూ దాన్ని వేడుకగా చెప్పుకున్నారు గానీ, నేను మాత్రం మనసులో ఒక లెక్క వేసుకున్నాను. బిడ్డ పాకినందుకు పాకుండలు చేయడం కాదు, పాకుండలు చేశారు గనకే బిడ్డ పాకాడు. ముందు వంట, తర్వాత పని. పెద్దవాళ్ళు ఈ సంగతి తిరగేసి అర్థం చేసుకున్నారని నా నమ్మకం.

నవంబరులో సత్యవతి గారు జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చి, గోడ పట్టించి నిలబెడితే జారిపోతున్న తమ్ముణ్ణి చూసి, గొంతు తగ్గించి అమ్మతో "కాళ్ళలో బలం నిలవట్లేదండి పిల్లాడికి. ఇలాంటి వాళ్ళు కొందరు అసలు నడవరండి. ఓసారి రాజమండ్రిలో చూపించండి" అంది. ఆవిడ మంచిగానే అంది, చెడ్డ మనసు కాదు. అమ్మ చూపించింది కూడా. ఆ డాక్టరు ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. తిరిగొచ్చాక అమ్మ మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, తన కాళ్ళ వంక చూసుకుంటూ కూర్చోవడం నేను చూశాను. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

డిసెంబరు వచ్చింది. కోతలైన చేల మీద నుంచి వచ్చే ఎండుగడ్డి వాసన, మంచులో తడిసిన అరటాకులు, సాయంత్రం అయ్యేసరికి డప్పు వాయించుకుంటూ ఇంటింటికీ వచ్చే క్యారల్స్ పాటగాళ్ళు, వాళ్ళ కోసం అల్లం వేసి కాచిన టీ, కొత్త సున్నం వేసిన గోడకి తెలియక ఆనుకుని తెల్లబడిన మా వీపులు. నాన్న వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, ఎర్రకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి చూరుకి వేలాడదీశాడు. తమ్ముడికి అదే మొదటి క్రిస్మస్. ఆ నక్షత్రం వెలగ్గానే రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొట్టేవాడు. మామ్మ జంతికలు వండింది, కజ్జికాయలు వండింది, గులాబీ పువ్వులు వండింది. అరిసెలు మాత్రం వండలేదు. "ఈ ఏడాది అరిసెలు వాడి అడుగుకే. అందాకా పాకం పట్టను" అని కూర్చుంది. అరిసెలు లేని క్రిస్మసేంటని నాన్న నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

ఇక్కడ నా లెక్క అడ్డం తిరిగింది. వాడు నడిస్తే గానీ ఈవిడ వండదు, ఈవిడ వండితే గానీ వాడు నడవడు. ఇద్దరూ ఇలా పంతం పట్టుకుని కూర్చుంటే వాడు జన్మలో నడవడు. ఎవరో ఒకరు కదపాలి. పండగ నాలుగు రోజులుందనగా, అమ్మ నూతి దగ్గర బట్టలుతుకుతూ, మామ్మ పెరట్లో పిడకలు ఏరుతూ ఉన్న సమయం చూసి, వసారాలోంచి గావుకేక పెట్టాను. "అమ్మా! తమ్ముడు అడుగేశాడు! నక్షత్రం కోసం రెండడుగులు వేసేడు!"

సబ్బు చేతులతోనే అమ్మ పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు చాప మీద కూర్చుని జంతిక ముక్క నాకుతున్నాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని, ఆ చిన్న పాదాలు రెండూ తన కళ్ళకి అద్దుకుని, నేనెన్నడూ చూడనంతగా ఏడ్చింది. అబద్ధమని చెప్పేద్దామనుకున్నాను గానీ అప్పటికి ఆలస్యమైపోయింది. వెనకే వచ్చిన మామ్మ కళ్ళజోడు సర్దుకుని నన్ను తేరిపార చూసింది.

"ఏ కాలు ముందేశాడే?"

"కుడికాలు" అన్నాను తడుముకోకుండా.

"సరే" అని లోపలికెళ్ళి, బియ్యం కొలిచి నానబోసింది.

ఆవిడ అరిసెలు చేయడం చూడాలి. రెండు రోజులు నానిన బియ్యాన్ని వడగట్టి, చెమ్మ ఆరీ ఆరకుండా రోట్లో పోసి, ఒక రోకలి తను, ఒక రోకలి సత్యవతి గారు పట్టుకుని, ఒకరి దెబ్బ ఒకరికి తగలకుండా దంచేవారు. జల్లెట్లోంచి పిండి మంచులా రాలేది. బెల్లం పాకం పొంగుతుంటే పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్క బొట్టు వేసి, వేలితో ఉండ చేసి, ఆ ఉండని పళ్ళేనికేసి కొట్టి చప్పుడు వినేది. వాచీ చూసేది కాదు, కొలత చూసేది కాదు, ఆ చప్పుడే. ఆ పైన పిండి పోస్తుంటే నాన్న రెండు చేతులా తెడ్డు తిప్పాలి. నూనెలో ఎర్రబడ్డ అరిసెను తీసి ఈ చెక్కల మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే నూనె ధారగా కారేది. ఆ వయసులో ఆ సన్నటి చేతులకి అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. ఆ రెండు రోజులూ నేను తమ్ముడి పక్కనే ఉండి, నిలబడరా, నిలబడరా అని చెవిలో చెబుతూనే ఉన్నాను.

పండగ ముందు రోజు ఉదయం, వసారాలో ఉతికిన తెల్లపంచె పరిచి, దాని మీద అరిసెలు వరసగా పేర్చారు. బిడ్డని వాటి మీద నడిపించి, వాడు తొక్కినవి పంచిపెట్టాలి. వీధంతా వచ్చింది. అమ్మ తమ్ముడికి పసుపుపచ్చ స్వెట్టరు తొడిగి, మొదటి అరిసె మీద నిలబెట్టి, చంకల కింద నుంచి చేతులు తీసింది. వాడు ఒక్క క్షణం ఊగి, చతికిలబడి, కింద ఉన్న అరిసె తీసి నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ చతికిలబడ్డాడు. మూడోసారికి అమ్మ వాణ్ణి చూడలేదు, నన్ను చూసింది. ఆ మొహంలో కోపమున్నా బాగుండేది.

అంతలో మామ్మ ముందుకొచ్చి "పాకం కుదిరిందో లేదో చూస్తన్నాడండి. నా మనవడు గదా!" అంది. అందరూ నవ్వేశారు. ఆ తర్వాత ఆవిడే పళ్ళెం పట్టుకుని ప్రతి గుమ్మం దగ్గరా "ఇవి పండగ అరిసెలండి. అడుగు అరిసెలు మళ్ళీ పట్టుకొస్తాను" అని చెప్పి మరీ ఇచ్చింది. అబద్ధం చెప్పలేదు, నన్ను బయటపెట్టనూ లేదు.

నేను గడ్డిమేటు వెనక దాక్కుంటే వెతుక్కుంటూ వచ్చింది. ఏడుస్తూ నా లెక్కంతా చెప్పాను, పాకుండల సంగతితో సహా. మామ్మ నవ్వలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి "నాకు చెబితే ఏం లాభం? మీ అమ్మ ఏడ్చింది. పోయి అమ్మకి చెప్పు" అంది. వెళ్ళి చెప్పాను. అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, తల నొప్పెట్టేంత బిగుతుగా రెండు జడలు వేసి, వేయడం అయ్యాక నా నెత్తి మీద తన గడ్డం ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారుజాము ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళని ఒక్కొక్కరే లేచి సాక్ష్యాలుగా చెప్పే వేళ, మామ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని లేచింది. వీడి కాళ్ళ కోసం ప్రార్థన చేయించమని అడుగుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ఏమీ అడగలేదు. "వీడు నవ్వేడు, స్తోత్రం. బోర్లా పడ్డాడు, స్తోత్రం. కూర్చున్నాడు, పాకేడు, స్తోత్రం" అని చెప్పి కూర్చుంది. అంత ధీమాగా కృతజ్ఞత చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మామిడి పిందెలు రాలే రోజుల్లో, పదహారో నెలలో, ఒక మామూలు మధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే తమ్ముడు నీళ్ళ బిందె పట్టుకుని లేచి, బిందె వదిలేసి, అమ్మ మిషన్ దాకా అయిదడుగులు నడిచాడు. ఎడమకాలు ముందేశాడు. "కుడికాలన్నావు గదే!" అని మామ్మ నా చెవి మెలేసింది. ఆ మండుటెండలో, ఎవరెంత వద్దన్నా వినకుండా, మళ్ళీ బియ్యం నానబోసింది, మళ్ళీ పాకం పట్టింది. తెల్లపంచె మీద తమ్ముడు తప్పటడుగులు వేస్తూ మొదట తొక్కిన అరిసె మీద అయిదు వేళ్ళూ గుంటలు పడ్డాయి. దాని కోసం అమ్మ చేయి చాచింది, సత్యవతి గారు చేయి చాచారు. మామ్మ అది తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీనికే ఇవ్వాలండి" అంది అందరితో. "అందరికంటే ముందు చూసింది ఇదే."

ఇప్పుడు మామ్మ లేదు. ఆ రోలు ఏమైందో తెలియదు. సత్యవతి గారి ఇంటి చోట మూడంతస్తుల మేడ లేచింది, అందులో ఉన్నవాళ్ళ పేర్లు నాకు తెలియవు. పళ్ళెం పట్టుకుని ఎవరి గుమ్మానికీ ఎవరూ వెళ్ళడం లేదు. అరిసెలు కిలోల లెక్కన అట్టపెట్టెల్లో వస్తున్నాయి, అన్నీ ఒకే సైజులో, గుండ్రంగా. నడవడేమో అనుకున్న ఆ తమ్ముడు ఇప్పుడు లైన్‌మన్, గాలివాన వస్తే ఊళ్ళకి ఊళ్ళు నడిచి తీగలు సరిచేసి, స్తంభాలెక్కి దిగుతుంటాడు. ఈ కథంతా అమ్మ చెప్పగా వందసార్లు విన్నాడు.

చెక్కలు కడిగి ఎండలో పెట్టాను. మూడు కిలోల బియ్యం నానబోశాను. అప్పుడు తమ్ముడికి ఫోను చేశాను.

"ఆదివారం వస్తున్నాను. పంచె ఉతికి ఉంచమను నీ పెళ్ళాన్ని" అన్నాను. "పాప అడుగేసిందిరా. నేను చూశాను."

వాడు మెల్లగా అడిగాడు.

"ఏ కాలు ముందేసిందక్కా?"