కోతల నెలలో పిల్లలకు ఇల్లయిన కరుణమ్మ టీచరు

ఆ గురువారం ఉదయం బడిలో ఇంకా ప్రార్థన గంట కొట్టలేదు. మా ప్రధానోపాధ్యాయులు స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చి, "కరుణమ్మ గారు వెళ్ళిపోయారయ్యా" అన్నారు. ఎక్కడికి అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో మరొకటి అడిగి ఉండను. రాత్రి ఆయాసంగా ఉందంటే పొరుగువారు రైల్వే ఆసుపత్రికి తీసుకువెళ్ళారని, తెల్లవారేసరికి గుండె ఆగిపోయిందని ఆయన చెబుతున్నా నాకు తలకెక్కలేదు. ఆ రోజు పదో తరగతికి లెక్కల పరీక్ష. ప్రశ్నపత్రాల కట్ట నా చేతిలోనే ఉంది. ముందురోజు సాయంత్రం ఆ తల్లి నాతో అన్న చివరి మాట కూడా దాని గురించే. "పిల్లలకు తగ్గట్టు ఇచ్చారా మాస్టారూ, మీ పాండిత్యమంతా చూపించారా?" అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

న్యూ సెటిల్‌మెంట్‌లోని మా తెలుగు ఉన్నత పాఠశాలలో కరుణమ్మ గారు సాంఘిక శాస్త్రం బోధించేవారు. తాతల నాడే కోస్తా నుంచి బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వారిది. భర్త రైల్వేలో గార్డుగా పనిచేస్తూ నడివయసులోనే కాలం చేశారు. సంతానం లేదు. ఖరిదా పేటలో రెండు గదుల సొంత ఇల్లు, వరండాలో ఒక బల్ల, గోడకు వేలాడే లాంతరు, అదే ఆమె ఐశ్వర్యం. తెల్లని నేత చీర కట్టి, భుజాన గుడ్డ సంచీ వేసుకుని, చేతిలో గొడుగుతో వీధి వెంట నడిచేవారు. ఆ గొడుగు విప్పగా నేనెన్నడూ చూడలేదు. వీధి కుక్కల కోసం పట్టుకు తిరుగుతానని ఆమే చెప్పేవారు.

ఆమె ఘనత తెలియాలంటే ముందు మా పిల్లల తల్లిదండ్రుల సంగతి చెప్పాలి. వారిలో అత్యధికులు రైల్వే వర్క్‌షాపు కార్మికులు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు. ఇక్కడ క్వార్టరు, అక్కడ అన్నదమ్ములతో ఉమ్మడిగా కాస్త పొలం. కార్తీకంలో వరికోతలు మొదలయ్యాయంటే సెలవు పెట్టి, రైల్వే పాసు రాయించుకుని, ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో బండెక్కేవారు. కోతకు రానివాడికి గింజల్లో వాటా లేదన్నది వాళ్ళ ఊళ్ళ కట్టుబాటు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడిలో పదో తరగతికి టెస్టు పెడతారు. ఈ రాష్ట్రంలో ఆ టెస్టు నెగ్గినవారినే బడి మాధ్యమిక్ అనే పెద్ద పరీక్షకు పంపుతుంది. ఆంధ్రలో ఈ పద్ధతి లేదు. అక్కడ పదో తరగతి చదివిన ప్రతివాడూ పెద్ద పరీక్షకు కూర్చుంటాడు. ఊళ్ళో ఉన్న అన్నదమ్ములు ఆ మాటే చెప్పేవారు, వీళ్ళు ఆ మాటే నమ్మేవారు. పెద్ద పరీక్ష కోతలయ్యాక ఎప్పుడో కదా అని పిల్లల్ని వెంటబెట్టుకు పోయేవారు. తిరిగి వచ్చేసరికి వాళ్ళకు ఒక ఏడాది పోయేది. చాలామందికి ఆ ఏడాదితో చదువే పోయేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఎనభైల మొదటి రోజులు. వర్క్‌షాపులో ఫిట్టరు సింహాద్రి తన పెద్దకొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ ఎండకు నల్లబడి ఉన్నాయి. ప్రధానోపాధ్యాయుల బల్ల మీద కొత్త బియ్యం సంచీ పెట్టి దణ్ణం పెట్టాడు. టెస్టు రాయనివాడి పేరు పంపడం కుదరదని ఆయన చెబితే సింహాద్రికి బోధపడలేదు.

"అదేటి బావూ, పెద్ద పరీచ్చ ఇంకా అవనేదు గదా? మా గుంటడు రాసీడానికే గదా బేగి ఒచ్చీసినాడు?"

కరుణమ్మ గారు లోపలికి వెళ్ళి ప్రధానోపాధ్యాయులను ఎంతగానో బతిమాలారు. "నియమం నేను చేసింది కాదమ్మా" అని ఆయన చేతులెత్తేశారు. ఆయన తప్పూ లేదు. ఆమె బయటికి వచ్చి అరుగు మీద కూలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. చివరికి సింహాద్రే ఆమెను ఓదార్చవలసి వచ్చింది. "మీరేడిస్తే ఎలగమ్మా? మా గుంటడికి రాత నేదు, అంతే" అన్నాడు. ఆ కుర్రవాడు మళ్ళీ బడి మొహం చూడలేదు. పూరీ గేట్ దగ్గర సైకిళ్ళ కొట్లో పనికి కుదిరాడు.

ఆ ఏడాది నుంచి ఆమెకు ఊరట లేకుండా పోయింది. పదో తరగతిలో చెబితే ఆలస్యమైపోతుందని తొమ్మిదో తరగతి తల్లిదండ్రులను పట్టుకోవడం మొదలుపెట్టారు. బడికి పిలిస్తే తండ్రులు వచ్చేవారు కారు. వచ్చినా చెప్పులు బయట విడిచి, తల వంచుకుని, అన్నిటికీ "ఠీక్ హై" అని వెళ్ళిపోయేవారు. అర్థమైనవాడెవడూ అన్నిసార్లు ఠీక్ హై అనడని ఆమె సిద్ధాంతం. అందుకని తానే వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడేవారు. సైరన్ మోగి సైకిళ్ళు బిలబిలమంటూ బయటకు వస్తుంటే, ఒక్కొక్క తండ్రినీ పేరు పెట్టి పిలిచి ఆపేవారు. ఒకాయన ఆమెను చూసి సైకిలు వెనక్కి తిప్పబోయాడు. "పరీచ్చ మీ గుంటకి నాయినా, నీకేటి బయం?" అని ఆమె కేక వేస్తే చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. పాపం అతడు సిగ్గుపడి దిగి వచ్చి, చెప్పినదంతా బుద్ధిగా విన్నాడు.

తల్లులను మాత్రం కుళాయిల దగ్గర కలిసేవారు. తరగతిలో గ్రాంథికానికి దగ్గరగా, గంభీరంగా మాట్లాడే ఆ విదుషీమణి కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళ భాషలోకి దిగిపోయేవారు. "సదువుతున్నావేటి అని అడక్కండమ్మా. సదవనోడు కూడా సదువుతున్నాననే అంటాడు. ఏటి మిగిలిందో సెప్పమని అడగండి" అనేవారు. అక్షరమ్ముక్క రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్న అది. ఒకసారి ఒక తల్లి గొల్లుమంటూ వచ్చింది. "అడిగినాను టీచరమ్మా. అంతా మిగిలిపోయిందంటన్నాడు!" కరుణమ్మ గారు ఆమె భుజం తట్టి, "నిజం సెప్పినాడు గదా, ఇంక బాగుపడతాడు" అన్నారు. ఆ ప్రశ్న వీధులన్నీ తిరిగాక పిల్లలు నాకన్న వాళ్ళ తల్లులకే ఎక్కువ భయపడటం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారుగా నాకది కాస్త చిన్నతనంగానే ఉండేది.

అయినా కోతలు ఆగవు కదా. ఈ ఒక్క ఏడూ మానుకోమని చెప్పరాదా అని నేను విసుక్కున్నాను. ఆమెకు కోపం వచ్చింది. "ఏడాది పొడవునా వాళ్ళు తినేది ఆ గింజలు మాస్టారూ. మీరూ నేనూ పంపుతామా?" అన్నారు. ఇంటింటికీ వెళ్ళి, "మీరెల్లండి. పదో తరగతి గుంటల్ని నా కాడ ఒగ్గీయండి" అని అడిగారు. అలా మొదలైంది. ప్రతి కార్తీకంలో ఆ రెండు గదుల ఇంట్లో అయిదారుగురు పిల్లలు చాపలు పరచుకునేవారు. క్రైస్తవుల ఇంటి వంట తమ పిల్ల తినకూడదని అత్తగారు పట్టుబడితే, ఒక తల్లి కిరసనాయిలు స్టవ్వు, గిన్నెలు తెచ్చి ఇచ్చింది. టీచరమ్మ ఏ మాత్రం నొచ్చుకోక, దానికి వరండాలో చోటు చూపించారు. రెండో పూటకే ఆ పిల్ల అందరితో కలిసి టీచరమ్మ వండిన చేపల పులుసు తిన్నది. కోతల నుంచి తిరిగి వచ్చిన తల్లి స్టవ్వు ఊపి చూసి, నూనె తగ్గలేదని గ్రహించి, అత్తగారికి చెప్పవద్దని మాత్రం వేడుకుంది. పొరుగింటి బెంగాలీ ఆవిడ "దీదీమణి, మీ ఇల్లు ధర్మశాల అయిపోయింది" అని నవ్వేది, నవ్వుతూనే గిన్నెడు పప్పు పంపేది.

అందరినీ ఆమె నిలపలేకపోయారు. ఎంత తిరిగినా ప్రతి ఏడూ ఒకరిద్దరు జారిపోయేవారు. నెగ్గినవారి పేర్లు అడిగితే తడుముకునేవారు గాని, జారిపోయిన ప్రతి బిడ్డ పేరూ ఆమెకు గుర్తే. "దోసిలి పట్టి నిలబడ్డాను మాస్టారూ, నిలిచిన నీళ్ళు నిలిచాయి" అన్నారొకసారి, ఎంతో అలసిపోయి.

ఈ ఏడాది ఆ ఇంటికి వచ్చిన పిల్లల్లో సింహాద్రి కడగొట్టు కూతురు పార్వతి ఉంది. మిగిలిన నలుగురూ మగపిల్లలు. పార్వతికి లెక్కలంటే ప్రాణం. నేను బోర్డు మీద సగం రాసేసరికే జవాబు చెప్పి నా నోరు మూయించే పిల్ల. సింహాద్రి తానే తీసుకువచ్చి అప్పగించాడు.

"పెద్దోడి సదువు కోతల్ల పోగొట్టీసినాను టీచరమ్మా. దీన్ని మీ సేతుల్ల ఎడతన్నాను. ఈ యేడు టెస్టు దాటకపోతే గుంటని బడి మానిపించీమని మా అన్నదమ్ములు ఒకటే గోల."

"దాటతాది. నువ్వు ఎల్లి నీ కోతలు సూసుకో" అన్నారామె. నేనక్కడే ఉన్నాను. లెక్కలొక్కటీ మిగిలేదాకా పార్వతి పరీక్షలన్నీ చక్కగా రాసింది. ఆ తరువాత గురువారం వచ్చింది.

ఉపాధ్యాయులు మరణిస్తే బడి మూయడం మా దగ్గర ఆనవాయితీ. ప్రధానోపాధ్యాయులు సంతాప సూచకంగా సెలవు ప్రకటించి, లెక్కల పరీక్షను సోమవారానికి మార్చారు. ఎవరూ కాదనలేదు. బతికి ఉంటే ఆమె ఒక్కరే కాదని ఉండేవారు. పొరుగువారు ఆమె తమ్ముడికీ, పిల్లల ఊళ్ళకూ తంతి కొట్టారు. తమ్ముడు వచ్చేదాకా ఖననం ఆపారు. పిల్లలు భద్రంగా ఉన్నారని తెలియజేస్తే చాలని మేమనుకున్నాం గాని, ఎవరో వస్తారని అనుకోలేదు.

శనివారం పొద్దున్న బండికి అందరూ దిగారు. సింహాద్రి, అతని భార్య, మిగిలిన పిల్లల తండ్రులు, గతంలో ఆ ఇంట పిల్లల్ని ఉంచిన మరికొందరు. కోసిన పనలు కోసినట్టే చేలో వదిలేసి, బురద కాళ్ళతో బండెక్కి వచ్చేశారు. సమాధుల తోటలో పెట్టె మోయడానికి నేనంటే నేనని పోట్లాడుకున్నారు. ఎన్నేళ్ళు పిలిచినా బడి గుమ్మం తొక్కని మనుషులు పిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంత్యక్రియలకు వచ్చిన ఆమె తమ్ముడు మధ్యాహ్నం ఆ ఇంటికి తాళం వేశాడు. అతడు మాత్రం ఏం చేస్తాడు?

మగపిల్లలు నలుగురూ పుస్తకాలు పట్టుకుని నా గదికి వచ్చేశారు. పార్వతి రాలేదు. సాయంత్రం బండి వేళకు నేను స్టేషనుకు పరుగెత్తాను. తల్లీ కూతుళ్ళు అప్పటికే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. సింహాద్రి కింద నిలబడి ఉన్నాడు.

"సోమవారం లెక్కల పరీక్ష, సింహాద్రీ. అది రాయకపోతే నీ పిల్లకు ఈ ఏడు పోతుంది" అన్నాను.

"తెలుసును బావూ. పనలు తడిసిపోతే తిండి నేదు, మబ్బు పట్టీసింది. పెద్దోడూ కోతల్లనే ఉన్నాడు. ఎదిగిన గుంటని ఎవుల కాడ ఒగ్గీమంటారు?"

నా దగ్గర ఉంచమనడానికి నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంది. తెలిసిన తెలుగు ఇళ్ళన్నీ కోతలకు తాళాలు పడి ఉన్నాయి. బెంగాలీ ఆవిడ పేరు చెప్పాను. తల్లి తల అడ్డంగా ఊపింది. పోనీ నువ్వు ఉండిపో తల్లీ అన్నాను. "నానుండిపోతే ఈయనొక్కడూ ఏటి మోస్తాడు బావూ?" అంది.

పార్వతి కిటికీ ఊచలు పట్టుకుని అడిగింది. "లెక్కల్లో ఏటిచ్చినారు మాస్టారూ?"

చెప్పకూడదు. చెప్పాను. ఒక్కొక్క ప్రశ్నా చెబుతుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. అంతా విని, "అన్నీ నాకొచ్చును మాస్టారూ" అంది.

బండి కూత వేసింది. సింహాద్రి మెట్టెక్కి నా వంక తిరిగి చేతులు జోడించాడు. "మీరు సెప్పినదీ నిజమే బావూ. ఆమె సెప్తే ఉండిపోదుము" అన్నాడు.

సోమవారం నలుగురు మగపిల్లలూ పరీక్ష రాశారు. ఆ మధ్యాహ్నమే సంతాప సభ. వక్తలు ఆమెను త్యాగమూర్తి అన్నారు, విద్యాదీపమన్నారు. అవన్నీ అక్షర సత్యాలు. బడిలో ఆమె పటం పెట్టాలని తీర్మానించారు. పెట్టవలసిందే. వచ్చే కార్తీకంలో ఏ ఇంటి తలుపు తెరిచి ఉంటుందో ఎవరూ చెప్పలేకపోయారు, నాతో సహా. ఆ లోటు తీర్చగల మనిషి ఈ ఊళ్ళో నాకు కనిపించడం లేదు.

ఆమెతో సన్నిహితంగా పనిచేసినవాణ్ణి గనక నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎదురుగా పూలదండ వేసిన ఆమె పటం ఉంది. దానికే చెప్పి కూర్చున్నాను.

"టీచరమ్మా, పార్వతి పరీక్ష రాయలేదు. నా వల్ల కాలేదు."