పదో జాగాలో చెప్పులు

నేను క్యూలో నిలబడి ఎరగను. జనమే వచ్చి నా ముందు నిలబడతారు. మార్కాపురం బజారులో మాది ఎరువుల దుకాణం. మా నాయన పెట్టింది, ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. వానలు పడి యూరియా లోడు వచ్చిందని తెలిస్తే చాలు, తెల్లవారేసరికి మా దుకాణం ముందు చెప్పులు బారులు తీరి ఉంటాయి. మనుషులు ఎండలో ఎంతసేపని నిలబడతారు? ఎవరి జాగాలో వాళ్ళు చెప్పులు విడిచిపెట్టి, ఎదురుగా టీ బంకు నీడలో కూర్చుంటారు. వరస కదిలినప్పుడల్లా వచ్చి ఎవరి జత వాళ్ళు ముందుకు జరుపుకుని పోతారు.

ఈ చెప్పుల విషయంలో మా నాయనకు పట్టింపు ఎక్కువ. చెప్పులు ఉన్నాయంటే మనిషి ఉన్నట్టే అనేవాడు. ఒకసారి వీధి కుక్క వరసలోంచి ఒక చెప్పు నోట కరుచుకుని పోయింది. వెనకాయన సందు దొరికింది గదా అని ముందుకు జరగబోతే, మా నాయన గల్లా వదిలి లేచి వచ్చి, ఆ ఒంటి చెప్పు పక్కన ఒక ఇటుక తెచ్చి పెట్టాడు. "ఒంటి చెప్పుకు సగం బస్తానే గదా శెట్టీ ఇచ్చేది" అని ఎవరో పరాచికమాడితే, "ఇంకోమాట మాట్లాడితే నీకు అది గూడా లేదు" అన్నాడు. అట్లాంటి మనిషి కొడుకును నేను.

ఇక కారు సంగతి. ఎండాకాలం మొదట్లో కొత్త కరెంటు కారు ఒకటి వస్తోందని పేపర్లో పడింది. కంభం రోడ్డులో ఉన్న షోరూంకు మొదటి విడతలో పదే కార్లు. ఫోన్లో బుకింగు లేదు, మనిషే రావాలి. ఫలానా రోజు పొద్దున పదింటికి వరసలో ఉన్న మొదటి పదిమందికి టోకెన్లు ఇస్తారు. వాళ్ళకు నెలలో కారు. తక్కినవాళ్ళకు ఎప్పుడో, చెప్పలేమన్నారు.

నాకు కారు అవసరమా అంటే, లేదు. డీజిలు కారు ఒకటి ఉంది, బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇంటి నుంచి దుకాణానికి నడిచే పోతాను. కానీ గిద్దలూరులో మా బావమరిది ఒకడున్నాడు. ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చుని, పదిమందీ వినేట్టు, "బావా, లోకమంతా కరెంటు కార్లలో తిరుగుతా ఉంటే నువ్వు ఇంకా బస్తాల కాడే ఉండావు" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు ముక్కు మీద కోపం. వాడికంటే ముందు ఆ కారు మా దుకాణం ముందు పెట్టకపోతే చూడండి అనుకున్నాను. మొత్తం కథ ఇంతే. ఇందులో గొప్ప కారణమేదీ లేదు, నేను వెతికి చూశాను.

ఆ రోజు ఆరున్నరకే పోయాను. అప్పటికే నా ముందు పదిమంది ఉన్నారు. తిట్టుకుంటూ పదకొండోవాణ్ణయి నిలబడ్డాను. మొదట్లో ఒక డాక్టరు, ఆయన వెనక కాంట్రాక్టర్లు, పలకల ఫ్యాక్టరీవాళ్ళు, ఇద్దరు లెక్చరర్లు. పదో జాగాలో, సరిగ్గా నా ముందు, పంచె కట్టుకుని భుజాన తుండేసుకున్న ఒక పెద్దాయన. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి పుస్తకం. ఎవరో షావుకారు తనకు బదులు నిలబెట్టి ఉంటాడనుకున్నాను.

"ఎవరికి నిలబడినావు పెదనాయనా?" అని అడిగాను.

"ఎవరికో ఏంది నాయనా, నాకే" అన్నాడు.

నేను సిగ్గుపడి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు, "నీకు కారెందుకు?" అని కూడా అడిగాను. ఆయనకు కోపం రాలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. యర్రగొండపాలెం అవతల, అడవి అంచున వాళ్ళ ఊరు. ఆయన భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఇక్కడికి తెచ్చి డయాలసిస్ చేయిస్తున్నాడు. ఆరోజు కూడా ఆమెను మిషన్ మీద పడుకోబెట్టి, నేరుగా ఇక్కడికి వచ్చి నిలబడ్డాడు.

"వచ్చేటప్పుడు బాగానే వస్తది. పోయేటప్పుడే నాయనా. ఆటోలో ఎగిరెగిరి పడతాంటే నన్ను ఈడ్నే దించు, ఈడ్నే పండుకుంటా అంటది. మొన్న రోడ్డు పక్కన తుండు పరిచి పండబెట్టినా. పోనీ కారు మాట్లాడదామంటే, పెట్రోలు వాసనకే ఆమెకు వాంతి. దీనికి వాసన ఉండదంట గదా?"

"ఉండదు" అన్నాను.

"మా చేను కాడ సోలారు ఉండాది. ఫోనుకు చార్జింగు పెట్టినట్టు ఆడ్నే పెట్టుకోవచ్చని మా అల్లుడు చెప్పినాడు. వాడే నడుపుతాడు. వచ్చే నెల వస్తే ఆమె కనీసం పండుకుని పోతది. తర్వాతెప్పుడో వస్తే ఏం చేసుకోను? ఆమెకు ఎన్ని నెల్లు ఉండాయో ఎవరికి తెలుసు."

మాట మార్చి, నాది ఎరువుల దుకాణమని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. తమవైపు యూరియా కోసం చెప్పులు పెట్టి ఎన్నెన్ని గంటలు కూర్చునేదీ, ఒక వానకు చెప్పులన్నీ కాలవలో కొట్టుకుపోతే ఎవరి జాగా ఏదో తేల్చుకోవడానికి ఎంత పంచాయితీ అయిందీ చెప్పి నవ్వించాడు. నాకు ఆయన నచ్చాడు. అది కూడా ఒప్పుకోవాలి.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆమెను మిషన్ మీద నుంచి దించే వేళయింది, దించగానే కళ్ళు తిరుగుతాయి, పక్కన మనిషి ఉండాలి. ఆయన ఒకసారి షోరూం తలుపు వైపు, ఒకసారి రోడ్డు వైపు చూశాడు. తర్వాత కాళ్ళకున్న చెప్పులు విడిచి, రెండూ కలిపి, తన జాగాలో పెట్టాడు. టైరు చెప్పులు. ఒకదాని పట్టీ తెగితే ఎరువు బస్తా మూతి కుట్టే దారంతో కుట్టుకున్నాడు. ఆ దారం నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

"ఆమెను ఆటోలో కూసోబెట్టుకుని అరగంటలో వస్తా నాయనా. నీకు చెప్పాల్సిన పనిలేదు, చెప్పుల సంగతి నీకు ఎరుకే."

"పోయిరా పెదనాయనా, నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన ఒట్టి కాళ్ళతో తారు రోడ్డు మీద పోయాడు. అప్పటికే ఎండ చిటపటలాడుతోంది. రోడ్డు అంచున మట్టి మీదికి దిగి, గబగబా అడుగులేస్తూ పోవడం చూశాను.

పదింటికి షోరూంవాళ్ళు టెంకాయ కొట్టి తలుపులు తెరిచారు. టై కట్టుకున్న మేనేజరు టోకెన్లు పట్టుకుని ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ వచ్చాడు. తొమ్మిది అయ్యాయి. చెప్పుల దగ్గర ఆగాడు.

"ఇవేంది, ఎవరివి?"

"యూరియా ఇస్తన్నారని వచ్చినట్టుండాడు" అని ముందు నుంచి ఒకాయన అన్నాడు. వరసంతా నవ్వింది. డాక్టరు గారు కూడా వెనక్కి తిరిగి చూసి నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళకంటే కాస్త ఆలస్యంగా, కానీ నవ్వాను.

మేనేజరు నన్ను చూశాడు. "మీవా సార్?"

"నావి కాదు."

"ఎవరివో తెలుసా?"

ఆయన చేతిలో ఒక్క టోకెను ఉంది. నేను చెప్పాల్సింది రెండే ముక్కలు. ఆసుపత్రికి పోయినాడు, వస్తాడు. చెబితే ఏమయ్యేది? ఈ ఎరువుల శెట్టి చెప్పులకు కారు ఇమ్మంటున్నాడని మళ్ళీ నవ్వేవాళ్ళు. మా బావమరిది నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. అయినా నవ్వుకు భయపడ్డానని చెబితే అది సగం నిజం. ఆ టోకెను నాకు కావాలి, అదీ అసలు నిజం.

"తెలీదు" అన్నాను.

మేనేజరు వాటిని ముట్టుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే, నేనే కాలితో పక్కనున్న ఫ్లెక్సీ కిందికి నెట్టాను. ఒకటి బోర్లా పడింది. నేను ముందుకు ఒక అడుగు వేసి, పదో టోకెను అందుకున్నాను.

లోపల చల్లగా ఉంది. బాదం పాలు ఇచ్చారు. ఏ రంగు కావాలని అడిగారు. రంగుల కాగితం చూస్తున్నానేగానీ నా కళ్ళు అద్దాల అవతలే ఉన్నాయి. కాసేపటికి ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో ఒకామె కొంగు ముఖం మీద కప్పుకుని వాలిపోయి ఉంది. పెద్దాయన దిగి, వరస ఉండిన జాగాకు వచ్చి నిలబడ్డాడు. నేల చూశాడు. అటూ ఇటూ చూశాడు. కాళ్ళు కాలుతున్నట్టున్నాయి, ఒక కాలు మార్చి ఒక కాలు పైకి ఎత్తుతున్నాడు. అప్పుడైనా లేచి, ఈయనదయ్యా ఈ టోకెను అని చెప్పి ఉండొచ్చు. ఇంకా సంతకం కూడా పెట్టలేదు.

ఆయన తలుపు తీసుకుని గడపలో నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు.

"నాయనా, నా చెప్పులు యాడ?"

జాగా గురించి అడగలేదు. చెప్పులే అడిగాడు.

"ఆ ఫ్లెక్సీ కింద ఉన్నాయి పెదనాయనా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మేనేజరు పక్కనే ఉండగా, వాడు వింటుండగా, "నేను చెప్పినా, మనిషి ఉంటేనే ఇస్తామన్నారు, వినలేదు" అన్నాను.

మేనేజరు నా ముఖం వైపు ఒకసారి చూసి, తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పోనీలే. చెప్పినావు గదా, అంతే చాలు" అన్నాడు పెద్దాయన. పోయి చెప్పులు వెతుక్కుని, బోర్లా పడినదాన్ని కాలివేళ్ళతోనే తిప్పుకుని తొడుక్కున్నాడు. వెయిటింగు లిస్టులో పేరు రాయించుకున్నాడు. తర్వాత ఆటో ఎక్కి ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఆటో కదిలింది. నేను సంతకం పెట్టాను.

నెల తిరక్కుండా కారు వచ్చింది. మా ఆవిడ నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. లోపల కూర్చుని, "అబ్బ, వాసనే లేదు" అని మురిసిపోయింది. నేను కిటికీ దించుకున్నాను. మా బావమరిది వచ్చి చుట్టూ తిరిగి చూశాడు, వాడి ముఖం మాడిపోయింది. దానికోసమే కదా అంతా చేశాను, మూడు నిమిషాలు కూడా సంతోషం నిలవలేదు.

మేనేజరును ఒకసారి అడిగాను, నా బుకింగు వేరేవాళ్ళకు మార్చొచ్చా అని. కారు రాకముందే అడిగాను. ఇద్దరూ వచ్చి సంతకాలు పెడితే మారుస్తామన్నాడు. పెద్దాయన ఊరు తెలియదు గదా, ఎట్లా పట్టుకునేది అని నాకు నేనే చెప్పుకున్నాను. సోమ, బుధ, శుక్రవారాలు ఆయన ఎక్కడుంటాడో నాకు తెలుసు. మా దుకాణానికి రెండు వీధులవతల. ఒక బుధవారం ఆసుపత్రి గేటు దాకా పోయి, పక్క అంగట్లో తమలపాకులు కొనుక్కుని తిరిగొచ్చాను. ఇప్పుడు ఆ మూడు రోజులూ ఆ వీధిలోకే పోను.

శ్రావణంలో వానలు పడ్డాయి. యర్రగొండపాలెం వైపు యూరియా దొరకలేదట, అక్కడి రైతులు కూడా మార్కాపురం దాకా వచ్చారు. ఆరోజు దుకాణం తెరిచేసరికి చెప్పులు వీధి మలుపు దాకా ఉన్నాయి. కొత్త కారు మెట్ల పక్కనే ఉంది. జనమంతా టీ బంకు నీడలో ఉన్నారు. చెప్పుల వరసలో ఒక్కడు మాత్రం ఎండలో నిలబడి ఉన్నాడు. తుండు తల మీద వేసుకున్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. బస్తా దారంతో కుట్టిన చెప్పులు.

గల్లా దగ్గర కూర్చోలేకపోయాను. దిగి ఆయన దగ్గరికి పోయాను.

"పెద్దమ్మ ఎట్ల ఉంది?"

"ఉండాది నాయనా. ఆటోలోనే తిప్పుతాండా." కారు వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ముఖంలో కోపమేమీ లేదు.

"ఎండలో ఎందుకు పెదనాయనా? చెప్పులు పెట్టి నీడకు పో. నేను చూసుకుంటా."

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

"వద్దులే నాయనా, నిలబడతా."

అంటే ఆయనకు అన్నీ తెలుసు. ఆరోజు గడపలో నిలబడి చెప్పినావు గదా అన్నప్పుడే తెలుసు. అయినా, "పోనీ లోపలికి రా, ముందు నీకే ఇస్తా, తీసుకుని పో. పెద్దమ్మ ఒక్కతే ఉంటది గదా" అన్నాను. ఇంచుమించు బతిమాలాను.

ఆయన తన ముందున్న నేల వైపు చూపించాడు.

"నా ముందర ఏడు జతలుండాయి నాయనా. వాళ్ళు రావాల గదా."