కొమ్ముల మీది రంగు

ఆ వానాకాలం పెన్‌గంగ పొంగి మా ఎడ్లు మేసే బీడునంతా ఒండ్రుమట్టితో కప్పేసింది. ఇంటి వెనక జొన్న సొప్ప వామి కూడా కొట్టుకుపోయింది. మునిగిన పంటకు పరిహారం, చచ్చిన గొడ్డుకు పరిహారం. బతికున్న గొడ్డుకు వరద సాయంగా గడ్డి ఇస్తారని, ఆఫీసు సార్లు ఊరూరా వచ్చి ఎడ్లను చూసి పేర్లు రాసుకుంటారని చెప్పారు. బాపు ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు వెళ్లదీశాడు. పేరు ఎక్కకపోతే జోడెడ్లను అంగడికి తోలాల్సిందే. మేత లేని కాలంలో ఎద్దును కొనేవాడు దున్నడానికి కొనడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అంతలో ఎడ్ల పండుగ, పొలాల అమావాస్య దగ్గరపడింది. ముందురోజు బాపు ఎప్పటిలాగే ఎడ్ల మూపులకు పసుపు, నెయ్యి రాసి, కొమ్ము పట్టుకుని, "రేపు మీ పండుగ, బువ్వకు రాండ్రి" అని పిలిచాడు. పెద్దెద్దు తల వంచింది.

నాకు ఒళ్లు మండింది. "ఇంట్ల గడ్డిపరక లేదు, ఏం పెడ్తవ్ బాపూ?" అన్నాను.

ఆయన ఎడ్ల కొట్టం ఎక్కి కప్పు మీది సొప్ప పీకడం మొదలుపెట్టాడు. పైపొర కుళ్లిపోయింది, లోపలిది పొడిగానే ఉంది. అవ్వ కింద నిలబడి అందుకుంది. కొట్టానికి వాసాలు మిగిలాయి. ఎడ్లకు మాత్రం చాన్నాళ్లకు కడుపు నిండింది. పండుగ పొద్దున అవ్వ డబ్బా అడుగున ఉన్న బెల్లంతో పోలెలు చేసి పెట్టింది. నేనూ కోపం దిగమింగి కొమ్ములకు ఎర్రరంగు వేశాను.

సార్లు సరిగ్గా ఆ రోజే వచ్చారు. పండుగకు ఎడ్లన్నీ ఇంటి దగ్గరే ఉంటాయని వాళ్ల ఆలోచన.

పెద్దసారు చెడ్డవాడేం కాదు. ఎడ్ల చుట్టూ తిరిగి, నిండిన డొక్కలు నిమిరి, "మంచిగ మేపుతున్నవ్ పెద్దాయనా. గడ్డి లేనోళ్ల ఎడ్లు గిట్లుంటయా?" అన్నాడు.

"గది కొట్టం మీది సొప్ప సారూ. జర పైకి సూడుండ్రి," అంది అవ్వ.

"ఊరంత గట్లనే చెప్తున్నరమ్మా," అంటూ ఆయన మా పేరు రాయకుండానే పుస్తకం మూశాడు.

బాపు నోరు విప్పుతాడని చూశాను. విప్పలేదు. పొలాల నాడు ఎడ్లు వింటుండగా ఇంట్లో లేదనే మాట అనకూడదని ఆయన పట్టు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా బాపు పండుగ గడిచాక ఆఫీసుకు పోయి అడిగాడు. ఒకసారి చూసి రాసింది మార్చేది లేదన్నారట. ఆ సాయంత్రం ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపు వచ్చిందో చెప్పలేను.

అంగడికి నేనూ వెళ్లాను. బేరగాడు ఎడ్ల పళ్లు చూసి, డొక్కలు చూసి, కొమ్ముల దగ్గర ఆగాడు.

"ముసలి ఎడ్లకు రంగులేసి తెచ్చినవా ఏంది?"

బాపు భుజం మీది తువాల తీసి, రంగు తుడవడానికి పెద్దెద్దు కొమ్ము పట్టుకున్నాడు. బువ్వకు పిలుస్తున్నాడనుకుని అది తల వంచింది.