కంకర బండి ఎత్తు

ఇది ఒక బొమ్మ బండి మీద మా ఇంట్లో నడిచిన తగాదా. లైను పనికి కంకర మోసే, పైకప్పు లేని రైలు బండి అది. పుంగనూరు వడ్రంగి పారేసిన చెక్కముక్కలు ఏరుకొచ్చి చేశాను. చక్రాలు మదనపల్లెలో లేతు మిషను మీద తిప్పించాను.

నేనూ నా పెండ్లామూ మీటరు గేజి చిన్న లైను మీద కూలికి ఏండ్ల తరబడి కంకర దించాం. పర్మినెంటు చేస్తామన్నారు, చెయ్యలేదు. రెండు వేల సంవత్సరం దాటాక ఆ చిన్న లైను పీకి పెద్ద లైను వేస్తారని తెలిసింది. మా పనికి గుర్తుగా ఆ బండి బొమ్మైనా ఉన్నదున్నట్టు ఇంట్లో ఉండాలనుకున్నాను. అంతకు మించి మాకు దక్కేదేమీ లేదు.

ఆ బండ్లు మొదట శెనక్కాయ మూటలు మోసిన గూడ్సు బండ్లట. పలకలు చెడి సరుకుకు పనికిరాకుండా పోయాక లైను పనికి తోసేశారని మా పని చూసే ముసలి మేస్త్రీ చెప్పేవాడు. పలక విరిగిన చోట పట్టాల కింది పాత స్లీపరు చెక్క కోసి బిగించేవాళ్లు. నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చింది తెలుగు, బండి మీద రాసింది హిందీ, ఇంగ్లీషు. నాకు తెలిసింది అందులో అంకెలే. మిగతాదంతా మేస్త్రీ నోటిమాటే.

బొమ్మ చూసి నా పెండ్లాం నవ్వింది.

"ఇదేం బండి? గోడ కట్టినావా? పక్క పలకలు ఇంత ఎత్తు యాడుండాయి?"

"ఉండాయి. నా తలకాడికి వచ్చేవి."

"నువ్వు కింద గంప పట్టుకోని నిలబడినోడివి, నీకంతా ఎత్తే. లోపల నిలబడి పారతో తోసింది నేను. నా మోకాలు గూడా దాటవు."

కుప్పంలో ఉన్న ఆమె తమ్ముడు, "ఈడికి రా బావా, బండ్లు కావాల్సినన్ని ఉండాయి," అన్నాడు. పోయి చూస్తే అన్నీ పెద్ద లైను ఇనుప బండ్లు.

"బండంటే బండే గదా బావా!"

"నీ పెండ్లామూ పక్కింటోడి పెండ్లామూ ఒకటేనారా?" అని తిట్టి వచ్చేశాను.

చివరికి ఇద్దరమూ బస్సెక్కి మా చిన్న లైను మీదున్న మదనపల్లె రోడ్డు స్టేషనుకు పోయాం. పాత ఇనుము కొన్నవాళ్ల మనిషి గ్యాసు మంటతో ఏదో కోస్తున్నాడు.

"ఏమప్పా, కంకర బండి యాడుండాది?"

"నిన్నటిదాకా ఒకటుండె తాతా. కోసేసినాం. సూడు, ఆ కుప్పలో ఉండాది."

"పలకలు?"

"టీ అంగడోడు పొయ్యిలోకి ఎత్తుకపోయినాడు. యాల అడగతావు, మీ ఇంట్లో కట్టెల్లేవా?"

నా పెండ్లాం ప్లాట్‌ఫారం మీద నిలబడి చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తింది. మోకాటి చిప్పకు కింద చర్మం నల్లగా, కాయ కాసి ఉంది. పార తోసేటప్పుడు పలక అంచుకు కాలు ఆనించి ఆనించి అట్లా అయింది.

"టేపు తెచ్చినావు గదా. ఈడికి పట్టు," అంది.

వంగి పాదం దగ్గర్నుంచి ఆ కాయ దాకా కొలిచాను. ఆ మనిషి మంట ఆపి మమ్మల్నే చూశాడు. కింద నిలబడి చూసిన నేను చక్రాల ఎత్తు కూడా పలకలకే కలిపేశానని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి ఆ లెక్కకు పలకలు కోశాను. బండి సరిగ్గా కుదిరింది. ఆమె ముందు పెట్టాను.

"ఇదేలే," అంది. "దీంట్లో నిలబడి తోసింది చాలు. నా కంటికి కనపడని తావులో పెట్టు."

అటక మీద పెట్టాను.