గోధుమ మానేశాక

మా ఆయనకు షుగర్ వచ్చాక మా ఇంట్లో రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టాం. ఆయనతోపాటే నేనూ తినేదాన్ని. రెండేళ్లు గడిచేసరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు, నీరసం నాకు మామూలైపోయాయి. వాటికంటే దిగులు ఎక్కువ బాధపెట్టింది. కారణం లేకుండా ఏడుపొచ్చేది.

తిరువూరు నుంచి షేర్ ఆటోలో వెళ్లి గంపలగూడెం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. ఒకరోజు రెండో తరగతి పిల్ల ఒత్తులు తప్పు రాసిందని పలక లాక్కుని విసిరికొట్టాను. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి చూసింది. డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఆ నిమిషమే నిశ్చయించుకున్నాను.

"ఉపవాస ప్రార్థనలో కూర్చో, అదే తగ్గుద్ది" అంది మా అమ్మ.

"ప్రార్థనా చేస్తాను, విజయవాడా వెళ్తాను" అన్నాను.

అక్కడ మానసిక వైద్యుడు దిగులుకు మాత్రలు రాసి, నా బరువూ రక్తహీనతా చూసి కడుపు డాక్టరు దగ్గరికి పంపించారు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యాక సీలియాక్ అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ పడక పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు.

"అయితే నా దిగులు కూడా దీనివల్లేనా సార్?" అని కడుపు డాక్టరుని అడిగాను.

"కావచ్చు, కాకపోవచ్చండి. ఈ జబ్బున్నవాళ్లలో దిగులు కనిపిస్తుంటుంది. అందరికీ అదే కారణమని చెప్పలేం. గోధుమ మాత్రం జీవితాంతం మానాలి. మనసుకిచ్చిన మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు."

ఒక్క ముక్క కూడా ముట్టనని తిరుగు బస్సులోనే అనుకున్నాను. ఇంట్లో ఇద్దరికీ జొన్నరొట్టెలు చేయడం నేర్చుకున్నాను. సేమియా, బొంబాయి రవ్వ, బిస్కెట్లు పోయాయి. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని చూసిన రోజు మాత్రం పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి, కాచిన సాంబారు పారబోసి మళ్లీ పెట్టాను.

అన్నిటికంటే కష్టం చర్చిలో ఎదురైంది. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర, యేసు శరీరానికి గుర్తుగా ఇచ్చే రొట్టె కూడా గోధుమదే. రెండు నెలలు తీసుకోకపోయేసరికి, నేనేదో తప్పు చేశానని ఆడవాళ్లు గుసగుసలాడారు. నేరుగా పాస్టరుగారి ఇంటికి వెళ్లాను.

"అయ్యగారూ, నాకు గోధుమ పడదు. బియ్యప్పిండితో రొట్టె నేనే చేసుకొస్తాను."

"అందరికీ ఒకే రొట్టె కదమ్మా" అన్నారాయన ఇబ్బందిగా.

"నాకిది జబ్బండి. అలాగని బల్లకు దూరంగా ఉండలేను."

"సరేనమ్మా, వేరే గిన్నెలో పెట్టు. నా చేత్తోనే ఇస్తాను."

మరుసటి నెల సంఘమంతటికీ ఆయనే విషయం చెప్పారు. అప్పటికి నా కడుపు నెమ్మదించింది. దిగులు కూడా చాలావరకు తగ్గింది. మాత్రల వల్లో, తిండి వల్లో నాకు తెలియదు. రెండిట్లో ఏదీ వదల్లేదు.

ఆరాధన అయ్యాక పక్క వీధిలో ఉండే, నా ఏడుపు సంగతి తెలిసిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "గోధుమ మానేస్తే ఏడుపు తగ్గుద్దా వదినా? నేనూ మానేస్తాను."

"అప్పుడే మానకు. మానేస్తే పరీక్షలో సరిగ్గా తేలదంట. ముందు డాక్టరుకి చూపించు, ఏడుపు సంగతి కూడా చెప్పు."

ఒంటరిగా వెళ్లడానికి జంకింది. సెలవు పెట్టి నేనే వెంట తీసుకెళ్లాను. ఆమెకు సీలియాక్ లేదు, దిగులు జబ్బు ఉంది. చపాతీలు తింటూనే మందులు వాడుతోంది.